‘పీటర్ ఐ’ దీవి: ఈ పేరును తెలుగులో ఎలా రాయాలి?

ప్రశ్న:
అంటార్కిటికా చుట్టూ ఉన్న దీవుల గురించి ఒక వ్యాసం రాస్తున్నాను. బెల్లింగ్స్‌హౌసెన్ సముద్రంలో, ప్రధాన భూభాగపు తీరానికి దాదాపు 450 కిలోమీటర్ల దూరాన ఒంటరిగా ఉన్న ఒక నిర్జన దీవి పేరు దగ్గర ఆగిపోయాను. ఒక తెలుగు పటంలో దానిని ‘పీటర్ ఐ దీవి’ అని ముద్రించారు. మరొక చోట ఉత్త ‘పీటర్ దీవి’ అని ఉంది. వీటిలో ఏది సరైనది? రష్యా చక్రవర్తి పేరు పెట్టుకున్న దీవిని నార్వేకు చెందినదిగా ఎందుకు చూపిస్తారో కూడా దయచేసి వివరించగలరు.

మొదటి జవాబు:
ఆ ‘ఐ’ అక్షరం కాదండీ, రోమన్ అంకె ఒకటి. రష్యన్‌లో ఈ పేరును ‘పెత్రా పెర్వొవొ’ అని చదువుతారు. పెర్వొవొ అంటే మొదటివాడి అని అర్థం. నార్వే వారు కూడా అంకె వేసి, చదివేటప్పుడు ‘మొదటి’ అనే పలుకుతారు. రెండవ పులకేశి, మొదటి ఎలిజబెత్ అని రాయడం మనకు అలవాటే కాబట్టి ‘మొదటి పీటర్ దీవి’ అనడమే సహజం. అంకెను వదిలేస్తే ఏ పీటరో తెలియకుండా పోతుంది. రష్యా నౌకాదళాన్ని స్థాపించిన చక్రవర్తి గనుకనే నావికులు ఆయనను తలుచుకున్నారన్న సంగతి అలా మరుగున పడకూడదని నా అభిప్రాయం.

రెండవ జవాబు:
మీ రెండవ సందేహానికి సమాధానం ఆ దీవి ఆకారంలోనే ఉంది. 1821 జనవరిలో వస్తోక్, మీర్నీ అనే రెండు ఓడలతో వచ్చిన రష్యా నావికాధికారి బెల్లింగ్స్‌హౌసెన్ దీనిని చూసి పేరు పెట్టారు గానీ, సముద్రపు మంచు అడ్డుపడడంతో దగ్గరకు చేరలేకపోయారు. కొద్ది రోజులకే కనిపించిన మరొక నేలకు అప్పటి చక్రవర్తి అలెగ్జాండర్ పేరు పెట్టారు. అది కూడా దీవేనని 1940లో గానీ తేలలేదు.

మొదటి పీటర్ దీవి ఒక అగ్నిపర్వతం. వైశాల్యం సుమారు 154 చదరపు కిలోమీటర్లు, అందులో దాదాపు 95 శాతం హిమానీనదాల కిందే ఉంటుంది. ఒడ్డు చుట్టూ నిటారైన మంచుగోడలు, నల్లని రాతి కొమ్ములు. పడవ ఆనడానికి ఇరుకైన చోట్లు ఏ కొన్నో ఉన్నాయి, అవీ చాలాకాలం మంచుతో మూసుకుపోయి ఉంటాయి. చూసిన 108 ఏళ్లకు, 1929 ఫిబ్రవరి 2న, నార్వేజియా అనే ఓడలో వచ్చిన నిల్స్ లార్సెన్, ఓలా ఓల్‌స్టాడ్ బృందం మొదటిసారి అక్కడ దిగి నార్వే జెండా నాటింది. ఆ యాత్రకు డబ్బు పెట్టింది సాండెఫ్యోర్డ్ పట్టణానికి చెందిన తిమింగలవేట ఓడల యజమాని లార్స్ క్రిస్టెన్‌సెన్. 1,640 మీటర్ల శిఖరానికి ఆయన పేరు, ఒక చిన్న అఖాతానికి ఆయన ఊరి పేరు నిలిచాయి. దూరం నుంచి చూసినవారు పెట్టిన పేరు దీవి మొత్తానికి దక్కింది, కాలు మోపిన యాత్రకు సంబంధించిన పేర్లు దాని భాగాలకు దక్కాయి. పటంలో ఈ రెండు పొరలను విడదీసి చూడగలగడం నాకు ఎంతో ఇష్టమైన విషయం.

మూడవ జవాబు:
పైన చెప్పినవాటికి ఒక సవరణ చేర్చాలి. నార్వే 1931లో ఈ దీవిని తనదిగా ప్రకటించుకున్న మాట నిజమే. అయితే 60 డిగ్రీల దక్షిణ అక్షాంశానికి దిగువన ఉన్న ప్రాంతమంతా 1959 నాటి అంటార్కిటిక్ ఒప్పందం కిందికి వస్తుంది. ఆ ఒప్పందం ఎవరి హక్కునూ ఆమోదించదు, తిరస్కరించదు. కాబట్టి ‘నార్వే దీవి’ అని రాయకుండా ‘నార్వే తనదిగా చెప్పుకునే దీవి’ అని రాయండి. నార్వేకే చెందిన బువే దీవి 54వ డిగ్రీ దగ్గర, ఒప్పందపు హద్దుకు బయట ఉంది కనుక రెండింటినీ ఒకే గాటన కట్టకండి.

ప్రశ్న అడిగినవారు:
ముగ్గురికీ కృతజ్ఞతలు. ‘మొదటి పీటర్ దీవి’ అనే రాస్తాను. బువే గురించి రాసిన వాక్యంలో నేను సరిగ్గా ఆ పొరపాటే చేశాను, ఇప్పుడే దిద్దుతున్నాను.