అమ్ముకుని బాధపడ్డ గిటారు పెడల్ ఏది?

ఆరో తీగ:
పాత ఫోనులో ఫొటోలు తీసేస్తుంటే నా బాస్ కంపెనీ డీఎం-2 కనిపించింది, గిటారు ధ్వనిని మార్చడానికి కాలితో నొక్కే పెట్టె. 1981 నుంచి 1984 దాకా మాత్రమే తయారైన డిలే అది, అంటే వాయించినదాన్ని కాస్త ఆగి మారుమోతగా వినిపించే పెడల్. మా బాబాయి సింగపూర్ నుంచి తెచ్చి ఇచ్చారు. 2012లో బెంగళూరు మారతహళ్లిలో ఇల్లు మారుతుంటే యజమాని పది నెలల అద్దె అడ్వాన్సు అడిగారు. ఎనిమిది నెలలది ఎలాగో కూడింది. మిగతా దానికి బీరువాలో వెతికితే అమ్మదగ్గ వస్తువు ఇదొక్కటే. అదీ సగం ధరకే పోయింది, ఎందుకంటే లైటు మసకగా వెలిగేది, ధ్వని నీరసపడింది. ఇక ఎక్కువ రోజులు బతకదనుకున్నాను. డిజిటల్ డిలేలో ప్రతి మారుమోతా మొదటిదానంత స్పష్టంగా ఉంటుంది. ఇందులో ఒక్కో మోతకూ అంచులు అరిగి, చివరిది పక్కింట్లోంచి వినిపించినట్టు ఉండేది. మోతకూ మోతకూ మధ్య ఎడం 300 మిల్లీసెకన్లకు మించి సాగదు. నాకు అంతకన్నా ఎప్పుడూ అవసరం పడలేదు. మీరు ఏది అమ్ముకున్నారు?

జయనగర్ బ్లూస్:
గిటారు ధ్వనిని గరగరలాడించే ట్యూబ్ స్క్రీమర్ పెడల్ అమ్మి మెటాలికా బ్యాండు కచేరీకి టికెట్టు కొన్నాను. 2011 అక్టోబరు, ప్యాలెస్ గ్రౌండ్స్. ఆ బ్యాండు గిటారిస్టు కిర్క్ హామెట్ కూడా ట్యూబ్ స్క్రీమర్ వాడతారని ఆ తర్వాత చదివాను. అయినా ఆ రాత్రి విషయంలో నాకు విచారం లేదు. పెడల్ విషయంలో ఉంది.

మూటాముల్లె:
నాదీ డిలేనే, లైన్ 6 కంపెనీ డీఎల్4, ఆ ఆకుపచ్చ ఇటుక. బీఎంటీసీ బస్సులో గిటారుతో పాటు దాన్నీ మోయలేక అమ్మాను. అందులో 14 సెకన్ల లూపర్ ఉండేది, వాయించినదాన్ని పట్టుకుని మళ్లీ మళ్లీ వినిపించేది. మా ఇంట్లో నాతో కలిసి వాయించింది అదొక్కటే. 2022లో రెండో రూపం వచ్చింది, ఇంకా చిన్నది, లూపు ఇంకా ఎక్కువ. కొన్నాను. బాగుంది. అంతే, బాగుంది.

నిదానం:
అందరూ ఏడుస్తున్నారు కాబట్టి ఒక్కడినైనా అడ్డం తిరుగుతాను. ఎల్ఎం308 చిప్ ఉన్న పాత ర్యాట్, ధ్వనిని కరుకుగా చేసే పెడల్, అమ్మి ఆరేళ్లు కుమిలిపోయాను. కొత్తవాటిలో ఓపీ07 వేస్తారు, అందులో ఆ కరుకుదనం రాదని అందరూ చెప్పేవారు. కిందటేడు స్నేహితుడి దగ్గర రెండూ దొరికాయి. నేను వెనక్కి తిరిగి కూర్చుంటే అతను మార్చి మార్చి వాయించాడు. పదిసార్లలో ఐదుసార్లు సరిగ్గా చెప్పాను. నాణెం ఎగరేసినా అంతే వస్తుంది. మనం బాధపడేది ధ్వని కోసమా, ఇప్పటి ధర చూసా?

జయనగర్ బ్లూస్:
ధర చూసే. నిజం ఒప్పుకోవడానికి సిగ్గెందుకు?

టంకం:
ఆరో తీగ గారూ, మీ లైటు సంగతి దగ్గర ఆగిపోయాను. పెడల్ మీద ఏసీఏ అని రాసి ఉందేమో ఆ ఫొటోను పెద్దది చేసి చూడండి. ఆ కాలపు ఏసీఏ అడాప్టర్లు పేరుకు 9 వోల్టులే అయినా అంతకన్నా ఎక్కువ ఇచ్చేవి. ఆ అదనాన్ని తగ్గించడానికి పెడల్ లోపల ఒక రెసిస్టరు, ఒక డయోడు పెట్టారు. ఇప్పటి నికరమైన 9 వోల్టుల అడాప్టరు తగిలిస్తే ఆ తొమ్మిదిలోంచే కోత పడుతుంది. లైటు మసకబారుతుంది, ధ్వని నీరసపడుతుంది. బ్యాటరీ వేస్తే ఆ అడ్డు ఉండదు కాబట్టి చక్కగా పనిచేస్తుంది. డీఎం-2 లోపలి బకెట్ బ్రిగేడ్ చిప్ ధ్వనిని విద్యుత్తు మోతాదులుగా వేల అరల గుండా ఒకదాన్నుంచి ఒకదానికి అందిస్తుంది, పెళ్లింట్లో వరసగా నిలబడి నీళ్ల బిందెలు అందించుకున్నట్టు. మోతల అంచులు అరిగేది కొంత ఆ దారిలోనే. అది రోగం కాదు, దాని స్వభావం.

ఆరో తీగ:
చూశాను. ఏసీఏ అనే ఉంది. ఎస్పీ రోడ్డులో కొన్న 9 వోల్టుల అడాప్టరుతోనే రెండేళ్లు వాడాను. బ్యాటరీ ఒక్కసారీ వేసి చూడలేదు, ఖర్చని. అంటే నిక్షేపంలాంటి దాన్ని రోగిష్టిదని చెప్పి నేనే సగానికి ఇచ్చుకున్నాను.

టంకం:
మీరొక్కరే కాదు. బాస్ వాళ్లదే సీఈ-2 కోరస్ పెడల్‌ను ఇలాగే పాడైందని నా దగ్గరకు తెచ్చినవాళ్లు ఉన్నారు. తొమ్మిది వోల్టుల బ్యాటరీ వేసి చేతికిచ్చి పంపాను. డబ్బులు తీసుకోలేదు, తీసుకోవాల్సింది.

మూటాముల్లె:
డీఎం-2డబ్ల్యూ చూడండి. 2014లో బాస్ మళ్లీ తెచ్చింది, అందులోనూ బకెట్ బ్రిగేడే. ఈసారి అడాప్టరు గొడవ ఉండదు.

నిదానం:
కొన్నతను ఏమన్నాడో గుర్తుందా?

ఆరో తీగ:
పాత సందేశాలు వెతికాను. కొన్న మర్నాడే రాశాడు: “అన్నా, బ్యాటరీ వేశాను, బ్రహ్మాండంగా ఉంది, థ్యాంక్స్.” మర్యాదకు అన్నాడనుకుని బొటనవేలి గుర్తు పెట్టి ఊరుకున్నాను.