మోడల్ రైలు పట్టాల కింద కరెంటు మెయిన్ లైనుకు ఏ మందం తీగ వాడాలి?

మల్కాజిగిరిలోని మా ఇంటి పైగదిలో 1:87 నిష్పత్తిలో, 16.5 మిల్లీమీటర్ల గేజితో పట్టాలు వేసుకున్నాను. లైను పొడవు సుమారు 9 మీటర్లు, నియంత్రణ డీసీసీ పద్ధతిలో (పట్టాల ద్వారానే ఇంజనుకు డిజిటల్ ఆదేశాలు పంపే పద్ధతి), పట్టాలకు కరెంటు అందించే బూస్టరు 5 ఆంపియర్లది. బూస్టరు దగ్గర చక్కగా పరుగెత్తే ఇంజను కిటికీ మూలకు చేరేసరికి నీరసించిపోతోంది. అక్కడ రెండు పట్టాలకు అడ్డంగా ఐదు రూపాయల బిళ్ల పెట్టి చూశాను. అలా షార్ట్ కాగానే ఆగిపోవాల్సిన బూస్టరు ట్రిప్ కాలేదు సరికదా, బిళ్ల వేడెక్కింది. కాబట్టి తప్పు ఇంజనుది కాదు, పొదుపు కోసం నేను వేసిన సన్నటి టెలిఫోను తీగదే.

దాన్ని పీకేసి, బల్ల అడుగున 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగను మెయిన్ లైనుగా లాగి, ప్రతి పట్టా ముక్కకూ 0.5 తీగతో విడిగా టంకం పెట్టాలనుకుంటున్నాను. కోఠి గుజరాతీ గల్లీలో దుకాణదారు మాత్రం 2.5 తీసుకోమన్నారు, అది వంగడం కష్టం. ఇంత దూరానికి 1.5 చాలదా? మెయిన్ లైను చివరలను కలిపి చుట్టులా మూసివేయాలా, విడిగా వదిలేయాలా? రైలు దారి మళ్లించే పాయింట్ల మోటార్లకు, స్టేషను దీపాలకు వేరే సరఫరా ఇవ్వడం మేలా? ఇప్పుడున్నవన్నీ ఎర్ర తీగలే (ఒకే చుట్ట కొన్న ఫలితం), కనుక మీరు పాటించే రంగుల క్రమాన్ని కూడా తెలియజేయగలరు.