లం.క.భు.లో ‘క’ ఏది? కర్ణం మీద ఒక సందేహం

ప్రశ్న: అందరికీ నమస్కారం. మావాడు తొమ్మిదో తరగతి, తెలుగు మీడియం. త్రిభుజాల సర్వసమానత్వంలో (రెండు త్రిభుజాలు అచ్చంగా ఒకటేనని చూపడంలో) భు.భు.కో. (భుజం-భుజం-కోణం) చెల్లదంటారు, ఆ వెంటనే లం.క.భు. (లంబకోణం-కర్ణం-భుజం) చెల్లుతుందంటారు. అదీ రెండు భుజాలూ, వాటి మధ్యలో లేని ఒక కోణమేగా? పైగా నాకు తెలిసి కర్ణం అంటే చెవి. చతుర్భుజానికీ కర్ణాలుంటాయని వీడు వాదిస్తున్నాడు. ఇంతకీ ఏది కర్ణం?

జవాబు: మాట సంగతి తర్వాత, ముందు బొమ్మ గీయించండి. 30 డిగ్రీల కోణం వేసి, పై గీత మీద శీర్షం నుంచి 10 సెం.మీ. దూరంలో చుక్క పెట్టి, అక్కడ వృత్తలేఖిని ముల్లు గుచ్చి 6 సెం.మీ. చాపం గీస్తే అది కింది గీతను రెండుచోట్ల కోస్తుంది, ఒకటి సుమారు 5.3 దగ్గర, ఇంకోటి 12కి కాస్త ఇటు. అవే కొలతలు, రెండు వేరు వేరు త్రిభుజాలు. భు.భు.కో. అక్కడే చచ్చింది. ఇప్పుడు అదే పని లంబకోణంతో చేయండి, నిలువు గీత మీద 5 దగ్గర చుక్క, 13 సెం.మీ. చాపం, అడ్డగీతను రెండువైపులా పొడిగించండి. ఇదీ రెండుచోట్ల కోస్తుంది కానీ అటూ 12, ఇటూ 12. కాగితం మడిస్తే ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చుంటాయి.

ఇది భాషా గుంపు కాబట్టి శ్లోకం కూడా చూడండి. భాస్కరాచార్యుడి లీలావతి, 1150 నాటిది:

తత్కృత్యోర్యోగపదం కర్ణో దోఃకర్ణవర్గయోర్వివరాత్
మూలం కోటిః కోటిశ్రుతికృత్యోరంతరాత్ పదం బాహుః

దోః అన్నా బాహువన్నా భుజమే, కోటి అంటే దానికి లంబంగా ఉండే రెండో భుజం, కర్ణం అంటే లంబకోణానికి ఎదురుగా ఉండే భుజం. కర్ణవర్గంలోంచి భుజవర్గం తీసేసి మూలం కడితే కోటి వస్తుందంటున్నాడు: మన బొమ్మలో 13 వర్గం 169లోంచి 5 వర్గం 25 పోతే 144, మూలం 12. ఆయన సర్వసమానత్వం ఊసెత్తలేదు, నిజమే, కానీ కర్ణమూ ఒక భుజమూ తెలిశాక మూడోది ఇంకోలా ఉండే వీల్లేదని ఇందులోనే తేలిపోతోంది, అంటే లం.క.భు. తిప్పి తిప్పి భు.భు.భు.యే. మీ చెవి కూడా ఇక్కడే ఉంది. రెండో వరుసలో కర్ణాన్ని ‘శ్రుతి’ అన్నాడు చూశారా? కర్ణం చెవి కాబట్టి వినికిడికి చెందిన శ్రుతి, శ్రవణం లాంటి మాటల్ని దాని బదులు వాడేసేవారు, ఛందస్సు కుదరాలిగా. (కొందరు పిల్లలు కరణం అని రాస్తారు. ఊరి లెక్కలు చూసిన కరణం వేరండీ బాబూ.)

ఇంకొకరు: చతుర్భుజం సంగతి వదిలేశారు. మీవాడు అన్నది కరెక్టే. మన బడి పుస్తకాల్లో ఎదురెదురు శీర్షాల్ని కలిపే గీతా కర్ణమే, లంబకోణానికి ఎదురుగా ఉండే భుజమూ కర్ణమే. దీర్ఘచతురస్రంలో గొడవ లేదు, రెండూ ఒకే గీత. సమచతుర్భుజం దగ్గర చూడండి తమాషా. దాని కర్ణాలు లంబంగా ఖండించుకుంటాయి, నాలుగు చిన్న లంబకోణ త్రిభుజాలు వస్తాయి, వాటికి కర్ణం ఆ కర్ణాలు కావు, బయటి భుజాలు! హిందీవాళ్లు వికర్ణ్ అని వేరే మాట పెట్టుకున్నారు. మనకీ ఇంటర్ మాత్రికల్లో వికర్ణం ఉంది, బడిలో కూడా అదే వాడితే పిల్లలకి ఈ టెన్షన్ ఉండదు.

ప్రశ్న అడిగినవారు: చాలా థాంక్సండీ. మరి పరీక్షలో వరుస ఎలా రాయాలి?

జవాబు: పేరులో ఉన్న వరుసే. ఏబీ = ఏసీ అయిన త్రిభుజం ఏబీసీలో ఏ నుంచి బీసీకి లంబం ఏడీ గీశాం, బీడీ = డీసీ అని చూపాలి అనుకోండి. త్రిభుజాలు ఏడీబీ, ఏడీసీలలో, డీ దగ్గర కోణాలు రెండూ 90 డిగ్రీలు, ఎందుకంటే ఏడీ లంబం. ఏబీ = ఏసీ, ఇవి కర్ణాలు, దత్తాంశం. ఏడీ ఉమ్మడి భుజం. లం.క.భు. ప్రకారం త్రిభుజాలు సర్వసమానం, కాబట్టి అనురూప భుజాలు బీడీ, డీసీ సమానం. చాలామంది 90 డిగ్రీల లైను రాయకుండా నేరుగా ‘కర్ణం సమానం’ అంటారు, మార్కు పోయేది అక్కడే. లంబకోణం ఎక్కడుందో చెప్పకముందు ఏ గీత కర్ణమో దిద్దేవాళ్లకి ఎలా తెలుస్తుంది?