కొల్లేరులో గుర్రపు డెక్క: యూరియా ధర పెంచితే తగ్గుతుందా?

కొల్లేటి గట్టు:
బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, డెల్టా డ్రెయిన్లు అన్నీ కొల్లేట్లోకే దిగుతాయి. బయటికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. దాంతో పొలాల నత్రజని, భాస్వరం అక్కడే నిలిచి గుర్రపు డెక్క అనే నీటి కలుపు మొక్కకు మేతవుతున్నాయి. నత్రజని ఇచ్చే యూరియా 45 కిలోల బస్తా 266 రూపాయల చిల్లరకు వస్తుంటే ఎవరు ఆలోచించి చల్లుతారు? 2010లో పోషకాల ఆధారిత సబ్సిడీ (ఎరువులోని పోషకాన్ని బట్టి ఇంతని రాయితీ ఇచ్చి, ధర కంపెనీలకు వదిలే పద్ధతి) తెచ్చినప్పుడు యూరియాను పక్కన పెట్టారు. ఇప్పుడైనా అందులో చేర్చి ధర పెంచాలి. మీరేమంటారు?

శివారు వరి:
నేను ఒప్పుకోనండి. భాస్వరం ఎక్కువుండే డీఏపీ ఎరువు బస్తా 1,350 రూపాయలు. భాస్వరం మొత్తం నాట్లకు ముందు ఆఖరి దమ్ములోనే వేయమని అధికారులు చెప్తున్నా, అంత ఖరీదైన డీఏపీని కూడా నాట్లయ్యాక పైపాటుగా చల్లేవాళ్లున్నారు. ధర ఆపిందా?

అసలు ఇబ్బంది నీళ్లతో. మడిలో నీళ్లు తీసేసి, బురద పదునులో యూరియా చల్లి, ఒకటిన్నర రెండు రోజులాగి నీళ్లు పెట్టాలి. ఈ మాట ప్రతి రైతుకూ తెలుసు. కానీ కాలువ చివరనున్న శివారు భూములకు నీళ్లు వంతుల మీద వస్తాయి. ఉన్న నీళ్లు వదిలేస్తే మళ్లీ ఎప్పుడొస్తాయో నమ్మకం లేదు. అందుకే నిండు మడిలోనే చల్లేస్తాం. ఆ రాత్రే వాన దంచితే పైరు మునగకుండా గట్టుకు గండి కొట్టాల్సిందే. యూరియా కరిగిన నీళ్లన్నీ డ్రెయిన్లోకి పోతాయి. బస్తా 500 అయినా ఇంతే. కాలువ నీళ్లు చెప్పిన రోజుకు రావాలి, అంతే.

చేపల చెరువు:
వరి రైతు ఒక్కడి మీదే వేయకండి. చెరువులో చేపలకు మేతయ్యే ప్లాంక్టన్ (కంటికి ఆనని నీటి జీవులు) పెరగాలని మేమూ యూరియా, సూపర్ ఫాస్ఫేట్, కోళ్ల పెంట వేస్తాం. చేపల పట్టుబడి అయ్యాక నీళ్లన్నీ డ్రెయిన్లోకే తోడేస్తారు. భాస్వరం బురదను అంటుకుని ఉంటుంది కాబట్టి చివరి అడుగు నీళ్లు ప్రమాదకరం. వాటిని పక్క మడిలో నిలబెట్టి, తేరాక వదిలితే చాలా మేలు. అందుకు కాస్త నేల వదులుకోవాలి. దీన్ని నిబంధన చేస్తే తప్ప ఎవరూ వదలరు, నేను దానికి సిద్ధమే.

కొల్లేటి గట్టు:
పెంచిన ధర డబ్బును ఎకరాకు ఇంతని రైతు ఖాతాలో వేస్తే?

శివారు వరి:
ఎవరి ఖాతాలో అండీ? కౌలు కార్డు లేనివాళ్లు ఎంతమంది! డబ్బు పాసుబుక్కు ఉన్నవాళ్లకు, భారం చల్లేవాళ్లకు. ముందు కొల్లేట్లోకి దిగే ప్రతి డ్రెయిన్ దగ్గరా నెలనెలా నీళ్లు పరీక్ష చేసి, ఫలితం ఊళ్లో బోర్డు మీద పెట్టించండి. ఏలూరు, గుడివాడ మురుగు ఎంతో, మా పొలాలది ఎంతో తేలుతుంది. ధర సంగతి అప్పుడు మాట్లాడదాం.