కిడ్నీ మందు ట్రయల్‌లో నాన్నని చేర్చుకుంటామంటున్నారు. సంతకం నేను పెట్టొచ్చా?

మిర్చియార్డు శీను:

మాది గుంటూరు, నల్లపాడు రోడ్డు. నాన్నకి 66 ఏళ్ళు. యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమాస్తాగా చేసి మానేశారు. షుగర్ చాలా ఏళ్ళ నుంచీ ఉంది. ఈ మధ్య కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.9కి వచ్చింది, మూత్రంలో ప్రోటీన్ పోతోంది. విజయవాడ సూర్యారావుపేటలో ఒక కిడ్నీ డాక్టరుగారికి చూపిస్తున్నాం.

పోయిన వారం ఆయన నన్నొక్కడినే లోపలికి పిలిచారు. కొత్త మందు మీద మూడో దశ ట్రయల్ నడుస్తోందట. నాన్న రిపోర్టులు దానికి సరిపోతాయట. చేరితే పరీక్షలన్నీ ఉచితం, దారి ఖర్చులు కూడా ఇస్తామన్నారు. సగం మందికి మందు, సగం మందికి ఉత్తి మాత్ర ఇస్తారు. ఎవరికి ఏది పడిందో డాక్టరుగారికి కూడా తెలియదట.

ఇంట్లో తలో మాట. బాబాయి ఫోన్లోనే గొడవకి దిగాడు, మా అన్నయ్యని ఎలుకని చేస్తారా అని. అక్కేమో టెస్టులకే ఎంతవుతోందో చూడు, పెద్ద డాక్టరు కంటికి రెప్పలా చూస్తారు కదా అంటోంది. నాన్నకి మాత్రం ఇంకా చెప్పలేదు. ట్రయల్ అంటేనే భయపడతారు, బీపీ పెరుగుతుంది.

అక్కడి కోఆర్డినేటర్ అమ్మాయి తెలుగులో ఉన్న కాగితాల కట్ట చూపించింది గానీ ఇంటికి ఇవ్వలేదు. శుక్రవారం వచ్చి సంతకం చేయమంది. కొడుకుగా నేను పెట్టేస్తే సరిపోతుందా? ఉత్తి మాత్ర పడే అవకాశం సగం ఉన్నప్పుడు అసలు చేరి లాభం ఏంటి? తెలిసినవాళ్ళు చెప్పండి.

పిడుగురాళ్ళ రమేష్:

అన్నా, నన్నడిగితే ఆ జోలికి పోవద్దు. 2011లో మా ఊరి ఆడవాళ్ళని డబ్బు ఆశ చూపించి హైదరాబాద్ తీసుకుపోయి మందులు మింగించిన సంగతి పేపర్లన్నింట్లో వచ్చింది. వాళ్ళంతా కూలి చేసుకునే మనుషులు. ఏం మింగుతున్నారో, దేనికి మింగుతున్నారో వాళ్ళకి ఎవరూ సరిగ్గా చెప్పలేదు. తర్వాత ఒంటినొప్పులు, నీరసం. కేంద్రం ఆ సంస్థ అనుమతి నిలిపేసింది. మా వీధిలో ఇప్పటికీ ఆ మాట చెప్పుకుంటారు. ఉచితం అన్నారంటే ఎక్కడో మనం కడుతున్నట్టే లెక్క.

బ్రాడీపేట వాణి:

శీను గారూ, నేను గుంటూరులో చాలా ఏళ్ళుగా క్లినికల్ ట్రయల్స్ కోఆర్డినేటర్‌గా పనిచేస్తున్నాను. మీరు చూసిన ఆ కాగితాల కట్ట పట్టుకుని పేషెంట్ల పక్కన కూర్చునే పని నాది.

సంతకం మీరు పెట్టకూడదు. మీ నాన్నగారు తెలివిలో ఉన్న మనిషి. తన గురించి తను నిర్ణయించుకోలేని స్థితిలో ఉన్నవాళ్ళకీ, పిల్లలకీ మాత్రమే ఇంకొకరు పెట్టే వీలుంది. చదవడం రానివాళ్ళకి కూడా మొత్తం చదివి వినిపించి, ట్రయల్‌తో సంబంధం లేని ఒక సాక్షి ఎదురుగా ఆ మనిషి వేలిముద్రే తీసుకోవాలి. బీపీ పెరుగుతుందని దాచిపెడితే, రేపు మాత్ర మింగేది ఆయనే కదా. రక్తం ఇచ్చేదీ ఆయనే. రాత్రి కళ్ళు తిరిగితే అది మందు వల్లేమోనన్న అనుమానం కూడా రాని మనిషిని ట్రయల్‌లో పెట్టడం చాలా ప్రమాదం.

రమేష్ గారి కోపం న్యాయమైనదే. ఆయన చెప్పినదానికి ఇంకోటి కలుపుతాను. 2009లో ఖమ్మం జిల్లాలో, అప్పటికి రాష్ట్రం ఒకటే, ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేసే ప్రాజెక్టు మొదలుపెట్టారు. 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. తర్వాత విచారణలో పరిశీలించిన 9,543 అంగీకార ఫారాల్లో 2,763 మీద ఉన్నవి హాస్టల్ వార్డెన్ల సంతకాలు, హెడ్మాస్టర్ల సంతకాలు. ఆ మధ్యలో చనిపోయిన పిల్లల చావులకి టీకా కారణం కాదని తేల్చారు. టీకా మంచిదే, ఎన్నో దేశాల్లో ఇవాళ వేస్తున్నారు. కానీ ఆ తల్లిదండ్రుల్ని అడగలేదు. ఈ పనిలోకి కొత్తగా వచ్చే ప్రతి అమ్మాయికీ నేను మొదట చెప్పేది ఆ 2,763 సంగతే. మీరు కూడా మంచి మనసుతోనే వార్డెన్ చేసిన పనే చేయబోతున్నారు. కటువుగా అంటున్నానని అనుకోవద్దు.

ఇక ఉత్తి మాత్ర. ఇలాంటి ట్రయల్స్‌లో ఉత్తి మాత్ర పడినవాళ్ళకి వైద్యం ఆపరు. షుగర్ మందులు, బీపీ మందులు, కిడ్నీకి ఇప్పుడు రాసేవన్నీ రెండు గుంపులవాళ్ళూ వాడుతూనే ఉంటారు, వాటిపైన కొత్త మందో ఉత్తి మాత్రో కలుస్తుంది. మీ నాన్నగారి కాగితంలో కూడా అలాగే ఉందా, ఇప్పుడు వాడే మాత్ర ఏదైనా ఆపమంటున్నారా, ఇది తప్పకుండా చూడండి.

కొత్త మందు పడితే అదృష్టం, ఉత్తి మాత్ర పడితే నష్టం అని మా దగ్గరకొచ్చే వాళ్ళందరూ అనుకుంటారు. కిడ్నీ మందుల్లోనే రెండు కథలు చెప్తాను. బార్డాక్సలోన్ అని ఒక మందు. ముందు చేసిన చిన్న ట్రయల్‌లో కిడ్నీ పనితీరు అంకెలు బాగా పెరిగాయి, అందరూ ఆశపడ్డారు. ఆ తర్వాత షుగర్‌తో కిడ్నీలు బాగా దెబ్బతిన్న 2,185 మంది మీద పెద్ద ట్రయల్ పెట్టారు. 2012 అక్టోబరులో దాన్ని మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది. మందు పడినవాళ్ళలో గుండె వైఫల్యం ఎక్కువగా కనిపించింది. ఆ ట్రయల్‌లో ఉత్తి మాత్ర పడినవాళ్ళే నయం. రెండోది డాపాగ్లిఫ్లోజిన్. ఇప్పుడు మీ నాన్నగారి చీటీలో కూడా ఉండే ఉంటుంది, చూడండి. కిడ్నీ జబ్బున్న 4,304 మంది మీద పరీక్షించారు. అదీ 2020లో గడువుకి ముందే ఆపారు, కాకపోతే ఈసారి మేలు స్పష్టంగా కనపడినందుకు. మొదలుపెట్టిన రోజున ఏది ఏ దారి పడుతుందో డాక్టర్లకి గానీ కంపెనీలకి గానీ తెలియదు. ఎవరికి ఏది పడిందో డాక్టరుకీ పేషెంటుకీ తెలియకపోయినా, విడిగా ఒక నిపుణుల కమిటీ అప్పుడప్పుడు లెక్కలు తెరిచి చూస్తుంది. ఆ రెండు ట్రయల్స్‌నీ ఆపమన్నది అలాంటి కమిటీలే.

మీ బాబాయిగారికి ఒక సంగతి చెప్పండి. మంగళగిరిలో ఇప్పుడు ఎయిమ్స్ ఉన్న చోట ఒకప్పుడు టీబీ శానిటోరియం ఉండేది. టీబీ వచ్చిందంటే ఇల్లూ పిల్లల్నీ వదిలి నెలల తరబడి అలాంటి చోట పడుకోవాల్సిందే అనుకునేవాళ్ళు. 1950ల్లో మద్రాసులో 193 మంది పేదవాళ్ళని లాటరీ పద్ధతిలో విడదీసి, కొందరిని శానిటోరియంలో పెట్టి, కొందరికి ఇంటి దగ్గరే మందులిచ్చి చూశారు. ఇంట్లో ఉన్నవాళ్ళు కూడా దాదాపు అంతే బాగా కోలుకున్నారు. 1959లో ఆ ఫలితాలు బయటికొచ్చాయి. ఇవాళ టీబీ వచ్చిన మనిషి ఇంట్లో కూర్చుని మాత్రలు వేసుకోగలుగుతున్నాడంటే ఆ మద్రాసు మనుషుల వల్ల కూడా. వాళ్ళని ఎలుకలు అంటే నాకు మనసొప్పదు.

అలాగని చేర్చేయమని నేను చెప్పడం లేదు. శుక్రవారం సంతకం అన్నది నాకు అస్సలు నచ్చలేదు. కాగితాలు ఇంటికి తీసుకెళ్ళి, కావలసినంత సేపు చదువుకుని, వేరే డాక్టరుకి చూపించుకుని రావచ్చు. రేపే ఫోన్ చేసి ఖాళీ కాపీ ఇమ్మని అడగండి. మేం ఇవ్వం అంటే అక్కడితో ఆపేయండి, ఇక ఆలోచించొద్దు. సంతకం అయ్యాక కూడా ఒక కాపీ మీకు ఇచ్చి తీరాలి.

ఇంకోటి గట్టిగానే చెప్తాను. వైద్యం చేసే డాక్టరుగారే ట్రయల్ నడిపే డాక్టరు కూడా అయినప్పుడు, చేరిన ఒక్కొక్క పేషెంటు లెక్కన కంపెనీ నుంచి డబ్బు వస్తుంది. అది తప్పు కాదు, ఒప్పందం మీద ఉంటుంది, పేషెంట్లకి అన్యాయం జరక్కుండా ట్రయల్‌ని పరిశీలించే ఎథిక్స్ కమిటీ దాన్ని చూస్తుంది. కానీ మీకు ఆ సంగతి తెలిసి ఉండాలి. అందుకే ఈ ట్రయల్‌తో సంబంధం లేని ఇంకో కిడ్నీ డాక్టరుకి, గుంటూరులోనే ఎవరికైనా, ఆ కాగితాలు చూపించండి.

సీటీఆర్‌ఐ అని మన దేశంలో జరిగే ట్రయల్స్ అన్నీ నమోదయ్యే వెబ్‌సైట్ ఉంది. 2009 నుంచి అందులో నమోదు తప్పనిసరి. లాగిన్ అక్కర్లేదు, ఎవరైనా చూడొచ్చు. కాగితం మీదున్న నంబరు కొట్టి చూడండి. మీ ఆస్పత్రి పేరు, మీ డాక్టరుగారి పేరు, అక్కడి ఎథిక్స్ కమిటీ అనుమతి కనపడాలి. కనపడకపోతే ఎందుకని అడగండి.

చివరగా, నల్లపాడు నుంచి విజయవాడ దగ్గరే అనిపిస్తుంది గానీ అర్ధరాత్రి దగ్గర కాదు. ఏదైనా అయితే ఎవరికి ఫోన్ చేయాలి, గుంటూరులో ఏ ఆస్పత్రికి వెళ్ళినా ఖర్చు పెట్టుకుంటారా అని ముందే రాయించుకోండి. ట్రయల్ కార్డు ఇస్తారు, అది ఎప్పుడూ చొక్కా జేబులో ఉండాలి. తెనాలి నుంచి ఒక పెద్దావిడ వచ్చేది మా దగ్గరికి. మోకాళ్ళ నొప్పులకి ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్లు చేయించుకుని, ట్రయల్ నుంచి తీసేస్తారేమోనని మాకు చెప్పేది కాదు. నొప్పి మందులు కిడ్నీకి విషం. ఆవిడ చేతి మీద దూది అంటించి ఉంటే చూసి అడిగాను కాబట్టి బయటపడింది. మీ నాన్నగారికి ఈ ఒక్క సంగతైనా గట్టిగా చెప్పండి, ఏం వాడినా దాచొద్దని.

మిర్చియార్డు శీను:

వాణి గారూ, చాలా థాంక్స్ అండి. మొదట కొంచెం బాధేసింది గానీ మీరన్నది నిజం. ఫోన్ చేసి గట్టిగా అడిగితే కాపీ ఇచ్చారు. రాత్రి నాన్నకి చెప్పాను. నేననుకున్నంత భయపడలేదు. అన్ని రోజులు నాకెందుకు చెప్పలేదురా అని మాత్రం అన్నారు. కళ్ళజోడు పెట్టుకుని యార్డు పట్టీలు చూసినట్టు ఒక్కో పేజీ చదివి పెన్సిల్‌తో గీతలు పెట్టారు. ఆయన అడగమన్నవి మూడు. మధ్యలో మానేస్తే అప్పటిదాకా పెట్టిన ఖర్చు మనల్ని కట్టమంటారా? తనకేమైనా అయితే అమ్మకి ఏమొస్తుంది? మందు పనిచేస్తే ట్రయల్ అయిపోయాక ఎవరిస్తారు?

గవర్నర్‌పేట లాయర్:

నేను విజయవాడలో ఒక ఎథిక్స్ కమిటీలో న్యాయవాది సభ్యుడిని. ఇలాంటి కమిటీలో కనీసం ఏడుగురు ఉండాలి. అందరూ డాక్టర్లే ఉండకూడదు, లాయరూ ఉండాలి, వైద్యంతో సంబంధం లేని మామూలు మనిషీ ఉండాలి. పెద్దాయన మొదటి ప్రశ్నకి జవాబు: ఒక్క రూపాయి కట్టక్కర్లేదు. ఎప్పుడైనా, కారణం చెప్పకుండానే మానేయొచ్చు. మానేసినందుకు మామూలు వైద్యంలో తేడా చూపించకూడదు.

రెండోదానికి 2019లో వచ్చిన కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల్లో లెక్క ఉంది. ట్రయల్ వల్ల ఇబ్బంది వస్తే ముందు ఉచిత వైద్యం. తీవ్రమైనది ఏది జరిగినా ట్రయల్ డాక్టరు 24 గంటల్లో పైకి తెలియజేయాలి. ట్రయల్ కారణంగా ప్రాణం పోతే, 8 లక్షలు మూలంగా తీసుకుని వయసు బట్టీ, చేరేనాటికి జబ్బు తీవ్రత బట్టీ గుణిస్తారు. 65 దాటినవాళ్ళకి వయసు వల్ల పెరగదు, తగ్గదు. జబ్బు తీవ్రతకి 0.5 నుంచి 4 దాకా ఉంటుంది, అంటే 4 లక్షల నుంచి 32 లక్షల దాకా. మరణానికీ ట్రయల్‌కీ సంబంధం ఉందా లేదా అన్నదే అసలు వాదన అవుతుంది. కాబట్టి ప్రతి రిపోర్టు, ప్రతి చీటీ ఒక ఫైల్లో పెట్టుకోండి. కాగితాల్లో ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబరు ఉంటుంది. అది పేషెంట్ల కోసమే, మొహమాటపడకుండా చేయండి.

పిడుగురాళ్ళ రమేష్:

లాయర్ గారూ, ఇవన్నీ కాగితం మీద బాగానే ఉన్నాయి. మా ఊరివాళ్ళకి ఈ నంబర్లు ఎవరిచ్చారు? శీను అన్నకి చదువుకున్న నాన్న ఉన్నాడు, అడగడానికి మీరున్నారు.

బ్రాడీపేట వాణి:

రమేష్ గారూ, మీరన్నదానికి నా దగ్గర ఎదురుమాట లేదు. 2013 నుంచి నిబంధనలు గట్టిపడ్డాయి. కొన్ని ట్రయల్స్‌లో నిస్సహాయ స్థితిలో ఉన్నవాళ్ళకి కాగితం వివరించి చెప్పేదంతా వీడియో తీయాలి. అయినా కూలి పోగొట్టుకుని వచ్చిన మనిషి చేతిలో పెన్ను పెట్టేటప్పుడు ఎదురుగా కూర్చున్నవాళ్ళకి ఓపిక లేకపోతే ఆ వీడియో కూడా తంతే. మీ ఊళ్ళో ఎవరినైనా ఏజెంట్లు పిలుస్తుంటే వాళ్ళ కాగితాల ఫోటోలు పేర్లు చెరిపేసి ఇక్కడ పెట్టండి, నేను చదివి చెప్తాను.

శీను గారూ, మూడో ప్రశ్న మీ నాన్నగారిది చాలా మంచి ప్రశ్న. ట్రయల్ అయ్యాక కూడా మందు ఉచితంగా ఇచ్చే వీలు ఆ 2019 నిబంధనల్లోనే ఉంది. కానీ దానంతట అది రాదు. ట్రయల్ డాక్టరు సిఫారసు చేయాలి, ఎథిక్స్ కమిటీ ఒప్పుకోవాలి. ఆ జబ్బుకి వేరే మందు లేకపోవడం, ఈ మందు ఆ మనిషికి మేలు చేసినట్టు తేలడం లాంటి షరతులున్నాయి. కిడ్నీకి వేరే మందులు ఉన్నాయి కాబట్టి మీకు దొరక్కపోవచ్చు. దొరుకుతుందన్న ఆశతో మాత్రం చేరొద్దని చెప్పండి. చేరితే ఆయన ఆ గీతలు పెట్టిన కాగితాలే తీసుకుని రమ్మనండి, ఒక్కో గీత దగ్గర డాక్టరుగారి చేత జవాబు చెప్పించుకున్నాకే సంతకం. ఆలస్యమైతే అవనివ్వండి, శుక్రవారమే కావాలని ఏమీ లేదు.