లద్దాఖ్‌లో నెల రోజులు: ఏ రాత్రికారాత్రి కెమెరా కార్డు ఖాళీ చేయాలా, ఇంటికొచ్చేదాకా ముట్టుకోకూడదా?

ఖమ్మం_బండి:
అన్నలూ, అక్కలూ, జూన్ చివర్లో మేం నలుగురం బండ్ల మీద బయల్దేరుతున్నాం. హైదరాబాద్ నుంచి నాగ్‌పూర్, ఢిల్లీ మీదుగా శ్రీనగర్, అక్కడి నుంచి జోజిలా కనుమ, కార్గిల్, లేహ్. ఆ తర్వాత నుబ్రా, పాంగాంగ్, హాన్లే చూసుకుని మనాలి వైపు దిగుతాం. అంతా కలిపి నెల రోజులు.

నా దగ్గర 24 మెగాపిక్సెల్ కెమెరా ఉంది, కార్డు స్లాటు ఒక్కటే. 128 జీబీ కార్డులు రెండు, 64 జీబీది ఒకటి. ఒకడి హెల్మెట్ మీద యాక్షన్ కెమెరా. ల్యాప్‌టాప్ మోసే ఉద్దేశం ఎవరికీ లేదు.

నలుగురిలో మూడు మాటలు నడుస్తున్నాయి. రోజూ రాత్రి డిస్కులోకి కాపీ చేసి కార్డు ఫార్మాట్ కొట్టేద్దాం అని ఒకడు. ఇంకో నాలుగు కార్డులు కొనుక్కుని ఇంటికొచ్చేదాకా దేన్నీ ఫార్మాట్ చేయొద్దు అని ఇంకొకడు. క్లౌడ్ ఉండగా ఈ గొడవంతా ఎందుకని మూడోవాడు. మీరైతే ఏం చేస్తారు? ఎందుకో కూడా చెప్పండి.

ఓరుగల్లు_రైడర్:
తమ్మీ, కార్డులు కొనుకుంట పోతే పైసలకు అంతుండదు. నేనైతే డిస్కు దిక్కే. ఫొటోలతోని పెద్ద ఇబ్బంది లేదు, అసలు తినేది హెల్మెట్ కెమెరా. 4కే వీడియో 100 ఎంబీపీఎస్ మీద పెడితే గంటకు 45 జీబీ. అంటే నీ 64 జీబీ కార్డు గంటన్నర కూడా ఆగదు. జోజిలా ఎక్కి దిగేలోపే నిండుతది. నెల రోజులు అట్ల తీస్తే ఎన్ని కార్డులు కొంటవ్? రాత్రి దిగినంక డిస్కులకు కాపీ చేస్కో, ఒకసారి చూస్కో, కార్డు ఖాళీ చెయ్. పొద్దుగాల ఖాళీ కార్డుతోని బయల్దేరుతుంటే మనసు నిమ్మళంగుంటది.

తెనాలి_స్టూడియో:
రైడర్ గారూ, లెక్క బాగానే ఉందండి. కానీ కాపీ చేసి కార్డు ఖాళీ చేశాక మీ దగ్గర మిగిలేది ఎన్ని కాపీలు? ఒక్కటే. పొద్దున అది కార్డులో ఉంది, రాత్రికి డిస్కులోకి మారింది. చోటు మారిందంతే, భద్రత ఇసుమంత కూడా పెరగలేదు. పైగా వేర్వేరు కార్డుల్లో విడివిడిగా ఉండాల్సిన నెల మొత్తాన్ని ఒకే వస్తువులోకి చేర్చారు. కార్డు పోతే రెండు మూడు రోజుల ఫొటోలు పోతాయి. డిస్కు పోతే యాత్ర మొత్తం పోతుంది.

పెళ్ళిళ్ళు తీసేవాళ్ళం మేము. తాళి కట్టే క్షణం రెండోసారి రాదు కాబట్టి మా వృత్తిలో ఒక కట్టుబాటు ఉంది: ఫొటోలు రెండు వేర్వేరు డిస్కుల్లోకి చేరి, రెండూ తెరిచి చూసుకునేదాకా కార్డు ఎవరూ ముట్టుకోరు. రెండు స్లాట్ల కెమెరాలకు డబ్బు పోసేదీ అందుకే. మీ కెమెరాకు ఒకటే స్లాటు కనుక ఆ రెండో కాపీ మీరే చేసుకోవాలి. నా మాట మాత్రం ఒకటే: ఫొటోల కార్డు ఇంటికొచ్చేదాకా ఫార్మాట్ వద్దు.

గోదారిగట్టు:
నేను ఒంటరిగా తిరిగే మనిషిని, తీసేదంతా ఫోన్‌తోనే. ఇక్కడ అందరూ క్లౌడ్‌ను పక్కన పెట్టేసినట్టున్నారు. బ్యాగు పోయినా, ఫోన్ వాగులో పడినా అప్పటిదాకా ఎక్కించిన ఫొటోలు బతికి ఉండేది అందులోనే. హోటల్ వైఫై దొరికిన చోట రాత్రంతా అప్‌లోడ్‌కు పెట్టి పడుకుంటాను. మోసే బరువు లేదు, పోతుందన్న భయం లేదు. ఏ కార్డుకు, ఏ డిస్కుకు ఆ గుణం ఉందో చెప్పండి.

సర్వర్‌గది:
గట్టు గారి మాటలో అసలు విషయం ఉంది: మనతో పాటు ప్రయాణించని కాపీ ఒకటి ఉండాలి. మా ఆఫీసుల్లో కూడా మూడు కాపీలు, రెండు రకాల సాధనాలు, ఒకటి వేరే చోట అనే పద్ధతి పాటిస్తాం. కానీ లద్దాఖ్‌కు వచ్చేసరికి ఆ మూడోదాన్ని క్లౌడ్ మీద వదిలేస్తే కుదరదు.

మొదటి సంగతి సిమ్. జమ్మూ కశ్మీర్, లద్దాఖ్‌లలో బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు పనిచేయవు. పోస్ట్‌పెయిడ్ అయినా ఉండాలి, అక్కడే లోకల్ సిమ్ అయినా తీసుకోవాలి. లేహ్ దాటాక పోస్ట్‌పెయిడ్‌కు కూడా చాలా దూరం సిగ్నల్ ఉండదు.

రెండోది లెక్క. రా (కెమెరా కుదించకుండా ఉంచే అసలు ఫైలు), జేపెగ్ (కుదించిన మామూలు ఫొటో) రెండూ కలిపి ఒక్కో ఫొటోకు 35 నుంచి 40 ఎంబీ వేసుకోండి. రోజుకు 400 తీస్తే 15 జీబీ. అప్‌లోడ్ వేగం 5 ఎంబీపీఎస్ నిలకడగా వచ్చిందనుకున్నా ఆ 15 జీబీ ఎక్కడానికి ఆరున్నర గంటలు దాటుతుంది. గెస్ట్‌హౌస్‌లో పదిమంది పంచుకునే వైఫైలో అది జరిగే పని కాదు. గూగుల్ ఫొటోస్‌లో ఉచితంగా ఎంతైనా దాచుకునే రోజులు 2021 జూన్ 1తో పోయాయి. ఇప్పుడు జీమెయిల్, డ్రైవ్, ఫొటోలు అన్నిటికీ కలిపి ఉచితం 15 జీబీ. అంటే పై లెక్కలో ఒక్క రోజు.

ఫోన్ ఫొటోలకు క్లౌడ్, కెమెరా ఫొటోలకు వేరే దారి. ఇదీ నా మాట.

గోదారిగట్టు:
రా ఫైళ్ళు ఎక్కించమని నేనెక్కడ అన్నాను? రోజుకు మనసుకు పట్టిన ఓ ఇరవై ఫొటోలు కెమెరా వైఫైతో ఫోన్‌లోకి దించుకుని జేపెగ్ రూపంలో పంపండి. ఒక్కోటి 8, 10 ఎంబీ చొప్పున అంతా కలిపి 200 ఎంబీ. శ్రీనగర్‌లోనో లేహ్‌లోనో ఒక రాత్రి పెడితే నాలుగైదు రోజులవి వెళ్ళిపోతాయి. ఏదైనా జరిగితే కనీసం ఆ ఇరవై మిగులుతాయి. ఇంకో మాట, ఇంట్లోవాళ్ళకు వాట్సాప్‌లో మామూలుగా పంపినవి కాపీ కింద లెక్క కాదు. అది ఫొటోను కుదించేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపితే అసలు ఫైలు వెళ్తుంది.

తెనాలి_స్టూడియో:
ఆ ఇరవై ఫొటోల మాటకు నా ఓటు కూడా వేస్తున్నానమ్మా.

ఓరుగల్లు_రైడర్:
సరే, కార్డులు ముట్టకుండ డిస్కుల కాపీ పెట్టుకునుడు నాకూ నచ్చింది, కనీసం ఫొటోల వరకు. వీడియోకు మాత్రం నడవది. నా కాడ 2 టీబీ హార్డ్ డిస్క్ ఉన్నది, లేహ్ దాకా తీస్కపోయిన, మంచిగనే నడిచింది. తమ్ముడు కూడా గసుంటిదే కొంటే అయిపోతది.

సర్వర్‌గది:
అన్నా, ఇక్కడ మాత్రం గట్టిగా అడ్డం పడతాను. తిరిగే ప్లాటర్ (డేటా రాసే పళ్ళెం) ఉన్న హార్డ్ డిస్కు లద్దాఖ్‌కు వద్దు. బైక్ అదురు ఒక కారణం, ఎత్తు అంతకంటే పెద్ద కారణం.

డిస్కు లోపల చదివే హెడ్డు ప్లాటర్‌ను తాకదు. ప్లాటర్ తిరిగే వేగానికి పుట్టే పలచని గాలి పొర మీద నానోమీటర్ల ఎత్తులో తేలుతుంది. మామూలు పోర్టబుల్ డిస్కు పూర్తిగా మూసిన డబ్బా కాదు, పీడనం సరిచూసుకోవడానికి దానికి ఫిల్టరుతో చిన్న రంధ్రం ఉంటుంది. బయట గాలి పలచబడితే లోపలా పలచబడుతుంది, హెడ్డు కిందికి దిగుతుంది. అందుకే ఈ డిస్కుల స్పెసిఫికేషన్‌లో పనిచేసే ఎత్తు 3,048 మీటర్లని, అంటే 10,000 అడుగులని రాస్తారు. ఆపి ఉంచితే 12,000 మీటర్ల దాకా పర్లేదు.

ఇప్పుడు తమ్ముడి దారి చూడండి. కార్గిల్ 2,700 మీటర్ల దగ్గర, ఇబ్బంది లేదు. లేహ్ 3,500. నుబ్రాలో దిస్కిత్ 3,100. పాంగాంగ్, హాన్లే రెండూ 4,200 దాటి. నుబ్రాకు వెళ్ళే దారిలోని ఖార్దుంగ్ లా కనుమ 5,300 దాటి, అక్కడ గాలి పీడనం సముద్రమట్టంలో దాదాపు సగం. అంటే ఎక్కువ రాత్రులు ఆ డిస్కును గీత దాటించి నడపాల్సిందే.

ఓరుగల్లు_రైడర్:
ఐఫోన్ స్పెసిఫికేషన్‌ల కూడా 3,000 మీటర్లనే ఉంటది, నువ్వే చూస్కో. గట్లని లేహ్‌కు పోయేటోళ్ళందరు ఫోన్లు ఇంటికాడ పెట్టి పోతున్నరా? లేహ్‌ల దుకాణాలల్ల, ఆఫీసులల్ల ఏండ్ల సంది హార్డ్ డిస్కుల కంప్యూటర్లు నడుస్తలేవా? కంపెనీలు తమ బాధ్యత తప్పించుకునేందుకు రాస్కుంటయ్ గవన్నీ.

సర్వర్‌గది:
ఫోన్‌లో గాలి మీద తేలే భాగం ఏదీ లేదన్నా. డిస్కుకు ఆ గాలే ఆధారం, తేడా అక్కడుంది. లేహ్‌లో డిస్కులు నడుస్తాయి, కాదనను. గీత దాటగానే చచ్చిపోతుందని నేను అనలేదు. హెడ్డుకు, ప్లాటర్‌కు మధ్య ఉన్న వెసులుబాటు తగ్గుతుంది. లేహ్ ఆఫీసులో డిస్కు టేబుల్ మీద కదలకుండా ఉంటుంది. మీది రోజంతా శాడిల్ బ్యాగులో అదిరి, రాత్రి పాంగాంగ్ పక్కన టెంటులో చలికి తిరగడం మొదలుపెడుతుంది. యాత్ర మొత్తాన్ని మోసే వస్తువు విషయంలో అంత తెగింపు ఎందుకు, కదిలే భాగమే లేని ఎస్‌ఎస్‌డీ చిటికెన వేలంత బరువులో దొరుకుతుంటే?

ఓరుగల్లు_రైడర్:
కొత్తగ కొనేటోడు ఎస్‌ఎస్‌డీనే కొనాలె, గంతవరకు ఒప్పుకుంట. ఉన్న హార్డ్ డిస్కు పక్కన పడేయమంటే మాత్రం ఒప్పుకోను. శ్రీనగర్‌ల, కార్గిల్‌ల కాపీ చేసి ఆపి బ్యాగుల పెట్టు, మళ్ల మనాలికి దిగినంక తియ్. నువ్వు చెప్పిన లెక్కలనే ఉంటది.

సర్వర్‌గది:
అలా అయితే నాకూ అభ్యంతరం లేదు.

ఖమ్మం_బండి:
ఎస్‌ఎస్‌డీ ఖాయం చేశాం. ల్యాప్‌టాప్ లేకుండా కాపీ ఎలా? ఫోన్‌కే తగిలించొచ్చా?

సర్వర్‌గది:
తగిలించొచ్చు. టైప్-సీ హబ్ ఒకటి కొను, దానికి చార్జింగ్ పోర్టు కూడా ఉండాలి. కార్డు రీడర్, ఎస్‌ఎస్‌డీ రెండూ ఫోన్ నుంచే కరెంటు లాగుతాయి, సగం కాపీలో ఫోన్ ఆగిపోతే చిక్కు. హబ్‌కు పవర్ బ్యాంక్ పెట్టు. ఎస్‌ఎస్‌డీని ఎక్స్‌ఫ్యాట్ అనే ఫైల్ పద్ధతిలో ఫార్మాట్ చేసి, మీ ఫోన్ దానిమీద రాయగలుగుతుందో లేదో హైదరాబాద్‌లోనే చూసుకో. ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే ఇంకో పద్ధతిలో ఫార్మాట్ చేసిన డ్రైవ్‌ల మీద చాలా ఫోన్లు రాయలేవు.

కట్ చేసి పేస్ట్ చేయకు, ఎప్పుడూ కాపీనే. రోజుకో ఫోల్డర్, పేరు తేదీతో మొదలవ్వాలి. కాపీ అయ్యాక ఫైళ్ళ సంఖ్య, మొత్తం సైజు రెండు వైపులా సరిపోయాయా చూడు. చివరి ఫొటో, మధ్యలో ఒకటి, ఒక వీడియో ఎస్‌ఎస్‌డీ నుంచే తెరువు. ఆ తర్వాత ఎజెక్ట్ కొట్టి తీయి. కొత్త కార్డులు ఏవి కొన్నా బయల్దేరే ముందు ఒకసారి అంచుదాకా నింపి చూడు. 512 జీబీ అని ముద్ర వేసి లోపల తక్కువ చిప్ పెట్టిన నకిలీలు మార్కెట్లో ఉన్నాయి. అవి మొదటి రోజులు బాగానే నడుస్తాయి, అసలు సామర్థ్యం దాటాక రాసిందంతా పోతుంది. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, ఎఫ్3 లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు ఇది పట్టేస్తాయి.

తెనాలి_స్టూడియో:
కార్డు ఉంచుకోమనడానికి ఇంకో కారణం కూడా ఉందండి. కార్డులో పొరపాటున ఫైలు పోయినా, ఫార్మాట్ అయినా, దాని మీద కొత్తగా ఏమీ రాయకుండా ఆపేస్తే ఫొటోరెక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో చాలావరకు తిరిగి తీయొచ్చు. ఎస్‌ఎస్‌డీలో చెరిపింది అలా దొరకడం కష్టం, ఖాళీ అయిన చోటును అది తనంతట తానే శుభ్రం చేసుకుంటుంది.

ఇంకొకటి. ఎస్‌ఎస్‌డీ, కార్డులు ఒకే బ్యాగులో పెట్టకండి. ఢాబా దగ్గర టీ తాగి వచ్చేసరికి ట్యాంక్ బ్యాగు మాయమైందని, కెమెరా, డిస్కు రెండూ అందులోనే ఉన్నాయని ఏడుస్తూ మా షాపుకు వచ్చిన కుర్రాళ్ళున్నారు. నా చేతిలో అప్పటికి చేయగలిగింది ఏమీ లేదు. మీరు నలుగురు, నాలుగు బండ్లు. ఎస్‌ఎస్‌డీ ఒకరి దగ్గర, నిండిన కార్డులు ఇంకొకరి ఒంటిమీది జేబులో.

గోదారిగట్టు:
మరి అంత చోటెందుకు? ప్రతి రాత్రీ ఓ అరగంట కూర్చుని పనికిరానివి తీసేస్తే సగం సమస్య అక్కడే తీరుతుంది. ఒకే కొండను పదిహేనుసార్లు తీసి పదిహేనూ మోసుకు రావడమెందుకు? ఇంటికొచ్చాక పది వేల ఫొటోలు ఎవరూ తెరవరు. ఏ ఊరు, ఏ గొంపా (బౌద్ధ మఠం), టీ ఇచ్చిన ఆవిడ పేరేమిటి, ఇవన్నీ ఆ రాత్రికి గుర్తుంటాయి, నెల తర్వాత ఉండవు.

తెనాలి_స్టూడియో:
ఆ రాత్రి కూర్చోవడం మంచిదే, చెరపడం మాత్రం వద్దమ్మా. మూడంగుళాల తెర మీద కళ్ళు మూసుకున్నారో లేదో కూడా తేలదు. అలసిపోయి ఉంటారు, చలికి వేళ్ళు కొంకర్లు పోతుంటాయి, నొక్కాల్సిన బటన్ ఒకటి, నొక్కేది ఒకటి. చాలా కెమెరాల్లో స్టార్లు ఇచ్చే సదుపాయం ఉంటుంది. నచ్చినవాటికి స్టార్ వేయండి, మిగతావి అలాగే ఉండనివ్వండి. పేర్లు, ఊర్లు ఫోన్‌లో ఓ చిన్న నోట్ రాసుకోండి. మీరు పంపమన్న ఇరవై ఫొటోలు కూడా ఆ స్టార్ల నుంచే వస్తాయి.

గోదారిగట్టు:
ఫొటోల విషయంలో సరే. హెల్మెట్ కెమెరా వీడియోల విషయంలో నా మాట మారదు. గంటల తరబడి వచ్చే తారు రోడ్డును ఎవరూ చూడరు. ఆ రాత్రే చూసి చెరిపేయాలి.

ఓరుగల్లు_రైడర్:
అక్కతోని కలుస్త ఈడ. అసలు రోజంతా ఆన్ పెట్టుడే వద్దు. ఘాట్లల్ల, వాగులు దాటేకాడ పెడితే సాలు.

ఖమ్మం_బండి:
అయితే మా లెక్క ఇది. ఫొటోలకు ఇంకో 128 జీబీ కార్డు కొంటాం, మూడు 128లు, ఒక 64 అయితే 448 జీబీ. రోజుకు 15 చొప్పున చూసినా నెలకు దాదాపు సరిపోతుంది, రోడ్డు మీదే గడిచే రోజుల్లో అంత తీయం కూడా. ఫొటోల కార్డులు ఫార్మాట్ చేయం. వీడియో కార్డులు రెండు, రాత్రి ఏరి ఎస్‌ఎస్‌డీలోకి దించి ఖాళీ చేస్తాం. లేహ్‌లో రెండు రాత్రులు ఆగుతాం కనుక స్టార్ వేసినవి అక్కడి నుంచి ఎక్కిస్తాం. హాన్లేలో నక్షత్రాలు తీయాలని ఉంది, దానికి వేరే కార్డు కావాలా?

సర్వర్‌గది:
30 సెకన్ల చొప్పున రెండు గంటలు వరసగా తీస్తే 240 ఫొటోలు, రా ఒక్కటే పెట్టుకుంటే 7 జీబీ. వేరే కార్డు అక్కర్లేదు. బ్యాటరీలు మాత్రం ఎక్కువ తీసుకెళ్ళు, చలిలో త్వరగా దిగిపోతాయి. వాడనివి జాకెట్ లోపలి జేబులో, ఒంటి వెచ్చదనం తగిలేలా పెట్టుకో.

ఓరుగల్లు_రైడర్:
వీడియోకు ఒక్క ఎస్‌ఎస్‌డీనే దిక్కు, గది మర్చిపోకు. మంచిగ అనిపించిన తునకలు రాత్రి ఇంకొకని ఫోన్‌ల కూడా ఒక కాపీ ఏస్కోండ్రి.

ఖమ్మం_బండి:
వేసుకుంటాం అన్నా. చివరిగా ఒకటి, నిండిన కార్డు, ఖాళీ కార్డు కలిసిపోకుండా ఏం చేస్తారు?

తెనాలి_స్టూడియో:
కార్డుల పెట్టె ఒకటి కొనండి, రబ్బరు అంచు ఉన్నది. ఖాళీవి పేరు కనపడేలా, నిండినవి బోర్లా. నిండిన కార్డు పెట్టెలోకి వెళ్ళే ముందు పక్కనున్న లాక్ మీటను కిందికి జరపండి. అప్పుడు చీకట్లో పొరపాటున దాన్నే మళ్ళీ కెమెరాలో పెట్టినా కార్డు లాక్ అయిందని కెమెరాయే చెబుతుంది, ఫార్మాట్ కానివ్వదు. ప్రతి కార్డు మీదా పర్మనెంట్ మార్కర్‌తో 1, 2, 3 అని నంబరు, మీ ఫోన్ నంబరు రాసుకోండి.