వేంపల్లె ఫార్మేషన్ మందం: ఫీల్డ్ లెక్కకీ మోడల్‌కీ పొంతన కుదరట్లేదు, ఈ పని చేసినవాళ్లు చెప్పండి

చిత్రావతి ఒడ్డు:
అందరికీ నమస్కారం. పీహెచ్‌డీ రెండో ఏడాదిలో ఉన్నాను. కడప బేసిన్ నైరుతి అంచున పులివెందుల, వేంపల్లె చుట్టుపక్కల పాపాఘ్ని, చిత్రావతి గ్రూపుల (పాత రాతిపొరల దొంతరల) రాళ్లను మ్యాప్ చేయడం, వాటి మందంతో త్రీడీ మోడల్ కట్టడం, ఆ మోడల్ నుంచి బేసిన్ ఎలా కుంగుతూ వచ్చిందో లెక్క తీయడం నా పని. రెండు చలికాలాలు కొండల్లోనే గడిచాయి. అమ్మాయి ఒక్కతే రాళ్లు కొట్టుకుంటూ తిరుగుతోందని మొదట్లో ఊళ్లోవాళ్లు వింతగా చూసేవారు, ఇప్పుడు మజ్జిగ ఇచ్చి పంపిస్తున్నారు.

సమస్య ఇదీ. పక్కపక్కనే ఉన్న రెండు ట్రావర్సుల (పొరలకి అడ్డంగా నడుస్తూ కొలిచే దారుల) మధ్య దూరం 4 కిలోమీటర్లే. ఒకదానిలో వేంపల్లె ఫార్మేషన్ (పాపాఘ్ని గ్రూపులో డోలమైట్ అనే సున్నపు జాతి రాయి ఎక్కువగా ఉండే పొర) మందం ఇంకోదానికన్నా 350 మీటర్లు ఎక్కువ వస్తోంది. మధ్యలో ఒక ఫాల్ట్ (రాళ్లు విరిగి జారిన చీలిక) గీస్తే మోడల్ చక్కగా సర్దుకుంటోంది. కానీ ఆ వంక పొడుగునా నేను నడిచాను. నలిగిన రాయి లేదు, జారిన గీతలు లేవు, పొరలు ఎక్కడా పక్కకి జరగలేదు. చూడని ఫాల్ట్‌ని మ్యాప్ మీద గీయడానికి మనసు రావట్లేదు. వచ్చే నెల రివ్యూ ఉంది, టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు. ఇలాంటిది మీకెవరికైనా ఎదురైందా?

పెన్నా సుత్తి:
అమ్మా, ఫాల్ట్ గీయకుండా ఆగావు చూడు, అక్కడే సగం పని అయింది. రిటైరై ఆరేళ్లైంది, కానీ ఆ కొండలు ఇంకా కళ్లముందే ఉన్నాయి.

ముందు వాలు చూడు. అక్కడ పొరలు ఈశాన్యం వైపు నెమ్మదిగా, 10 నుంచి 15 డిగ్రీల లోపు వాలి ఉంటాయి. వాలు తక్కువైనచోట చిన్న తప్పు పెద్ద మందమవుతుంది. నేల చదునుగా ఉందనుకుని లెక్కేసి చూడు: వాలు దిశలో రాయి పైకి కనబడే వెడల్పు 7 కిలోమీటర్లు. 10 డిగ్రీలు పెడితే అసలు మందం 1,215 మీటర్లు. 13 పెడితే 1,575. మూడు డిగ్రీలకే 360 మీటర్లు! నువ్వు చెప్పిన తేడా దాదాపు ఇంతే కదా. బ్రంటన్ (వాలు కొలిచే దిక్సూచి) పట్టుకుని ఎగుడుదిగుడు బండ మీద కొలిస్తే రెండు మూడు డిగ్రీలు అటూఇటూ అవడం ఎంతటివాడికైనా మామూలే.

అందుకని ఒక్క బండ మీద కొలిచిన వాలుని నమ్ముకోవద్దు. ఒకే పొర లోయకి ఇటు, అటు, ఇంకొంచెం దూరంలో, మూడుచోట్ల ఎంత ఎత్తులో కనబడుతోందో టోపోషీట్ (నేల ఎత్తులు చూపే మ్యాప్) మీద గుర్తుపెట్టుకో. ఆ మూడు పాయింట్ల నుంచి వాలు తియ్యి. అరచెయ్యంత బండ చెప్పేదానికన్నా అర కిలోమీటరు పొర చెప్పేది గట్టి మాట.

ఇంకోటి. మ్యాపుల్లో వేంపల్లె అడుగున 'గుల్చేరు క్వార్ట్‌జైట్' అని రాసి ఉండేది మన గువ్వలచెరువు పేరే. 1872లో జియాలజిస్టు విలియం కింగ్ ఈ బేసిన్ మీద రాసిన మెమోయిర్ దొరికితే తప్పకుండా చదువు. ఆయన ఎక్కడ నిలబడి ఏం చూశాడో రాసిన తీరు చూస్తే ఫీల్డ్ నోట్స్ ఎలా రాయాలో తెలుస్తుంది.

వేంపల్లె రైతుబిడ్డ:
నేను జియాలజిస్టుని కాదు. మా నాన్న, పెదనాన్న రాతినార (ఆస్బెస్టాస్) గనుల్లో పనిచేసినవాళ్లు. బ్రాహ్మణపల్లి వైపు పాత గుంతలు ఇప్పటికీ ఉన్నాయి. 'నల్లరాయి, సున్నపురాయి కలిసేచోటే నార దొరుకుతుంది' అనేవాడు నాన్న. మీ పనికి ఉపయోగపడుతుందేమో అని చెప్తున్నా. గుంతల్లోకి దిగొద్దక్కా. ఆ దుమ్ము ఊపిరితిత్తులకి ఎంత చేటో మా ఇంట్లో చూశాం.

పెన్నా సుత్తి:
బాబూ, మీ నాన్నగారి మాట అక్షరాలా నిజం. ఆ నల్లరాయి డోలరైట్ సిల్. మాగ్మా పొరల సందులోకి పలకలా చొచ్చుకొచ్చి గట్టిపడింది. దాని వేడికి డోలమైట్ మారి అంచునే రాతినార పుట్టింది. అమ్మా, ఆ పాత గుంతల వరస మ్యాప్ మీద పెట్టుకుంటే సిల్ అంచు ఎక్కడెక్కడ పోతోందో తెలుస్తుంది. సిల్ మందాన్ని వేంపల్లె మందంలో కలిపేశావేమో చూసుకో. అది అక్కడ పేరుకున్న మట్టి కాదు, తర్వాత చొరబడింది. కుంగుబాటు లెక్కలో దాన్ని తీసెయ్యాలి.

గోదావరి లాగ్స్:
నాది కృష్ణా గోదావరి బేసిన్. మాకు రాయి కంటికి కనబడదు, సీస్మిక్ సెక్షన్ (ధ్వని తరంగాలతో తీసిన భూగర్భం బొమ్మ) మీద గీతలే దిక్కు. అయినా మీ బాధ మాకూ కొత్త కాదు. ధ్వని తరంగం కిందికెళ్లి తిరిగి రావడానికి 2 సెకన్లు పట్టిందనుకోండి. సగటు వేగం సెకనుకి 2,500 మీటర్లనుకుంటే ఆ పొర 2,500 మీటర్ల లోతున ఉన్నట్టు. 2,700 అనుకుంటే 200 మీటర్లు కిందికి పోతుంది. పొర ఉన్నచోటే ఉంది, మారింది మన ఊహే.

రాజోలు వైపు ఇంకా కష్టం. భూమి లోపల బసాల్ట్ (గడ్డకట్టిన లావా) పలకలున్నాయి. పైన రాజమండ్రి దగ్గర పంగిడి, గౌరీపట్నం క్వారీల్లో కనబడే ట్రాప్స్‌ అనే లావా పొరలకి అవి బంధువులే. తరంగం బసాల్ట్‌కి తగిలి చెదిరిపోతే దాని కింద బొమ్మ మసకే. ఆ మసకలో ఫాల్ట్ గీయాలనే కోరిక పుడుతుంది. నేనూ ఒకసారి గీశాను. తర్వాత బావి తవ్వితే అక్కడ ఫాల్ట్ లేదు, వేగం లెక్కే తప్పు. అప్పటినుంచి నా మ్యాపుల్లో ఫాల్టులకి మూడు రంగులు: చూసినవి, సూచనలున్నవి, లెక్క కుదరడానికి పెట్టినవి. మూడో రంగుది ఒక్కటి ఉన్నా రివ్యూలో నేనే ముందుగా చూపించేస్తాను.

అబర్డీన్ వాన:
అందరికీ నమస్తే. పుట్టింది ప్రొద్దుటూరులో, పని నార్త్ సీ మీద. చిత్రావతి ఒడ్డు పోస్టులో కుంగుబాటు లెక్క కూడా ఉంది కాబట్టి దాని గురించి చెప్తాను.

పొరల్ని పైనుంచి ఒక్కొక్కటే తీసేస్తూ, కిందివి నొక్కుకోకముందు ఎంత మందం ఉండేవో లెక్కేస్తాం కదా. షేల్‌కి (బురద గట్టిపడిన రాయికి) అందరూ వాడే అంకెలు 1980లో స్క్లేటర్, క్రిస్టీ ఇచ్చినవి. పేరుకున్నప్పుడు 63 శాతం ఖాళీ, లోతుకెళ్లేకొద్దీ తగ్గుతూ 3 కిలోమీటర్ల దగ్గర సుమారు 14 శాతం. అంటే ఈరోజు అంత లోతున 100 మీటర్లున్న షేల్ ఒకప్పుడు 230 మీటర్ల పైచిలుకు బురద. చాలా సాఫ్ట్‌వేర్లలో ఈ అంకెలు ముందే నింపి ఉంటాయి. కానీ అవి నార్త్ సీ బావుల నుంచి వచ్చినవి. వాటిని 188 కోట్ల ఏళ్ల పైబడిన డోలమైట్‌కి అలాగే వాడకండి. వేంపల్లెలో స్ట్రోమటోలైట్ గుబ్బలు ఉంటాయి కదా, సూక్ష్మజీవుల పొరల మీద పొరలు పెరిగి కట్టినవి. అవి నలగకుండా గుండ్రంగా నిలిచి ఉన్నాయా? ఉంటే ఆ సున్నపు బురద పేరుకున్న కొద్దికాలానికే గట్టిపడిందని అర్థం. అలాంటి రాయిని షేల్‌లా ఉబ్బిస్తే లేని కుంగుబాటు పుట్టుకొస్తుంది.

ఇక వయసులు. మెకెంజీ 1978 మోడల్‌లో క్రస్ట్ (భూమి పైపెంకు) సాగినప్పుడు నేల గబగబా కుంగుతుంది, తర్వాత చల్లారుతూ కోట్ల ఏళ్లపాటు మెల్లగా దిగుతుంది. ఆ వంపు గీయాలంటే ప్రతి పొరకీ వయసు కావాలి. ఇక్కడ మాకు శిలాజాలు ఇస్తాయి. మీకున్న గట్టి మేకు పులివెందుల సిల్, సుమారు 188.5 కోట్ల ఏళ్లు. అది కూడా తాను చొచ్చుకెళ్లిన తాడిపత్రి పొరలు (చిత్రావతి గ్రూపువి) తనకన్నా పాతవని మాత్రమే చెప్తుంది, ఎంత పాతవో చెప్పదు. కాబట్టి ఒక్క నున్నటి గీత గీయకుండా, ఏ హద్దుల మధ్య ఉండొచ్చో ఒక పట్టీలా చూపించండి. పరీక్షకులు దాన్నే మెచ్చుకుంటారు.

కోర్ పెట్టె:
కొత్తగూడెం వైపు బొగ్గు బోర్లు చూస్తాను. మా గోండ్వానా (బొగ్గు ఉండే దొంతర) రాళ్లు మీవాటితో పోలిస్తే నిన్నటి పిల్లలు. వాటిలో బరాకర్ అనే పొరలో బొగ్గు ఉంటుంది, విట్రినైట్ (బొగ్గులోని మొక్కల అవశేషం) కొలిచి రాయి ఎంత వేడి చూసిందో చెప్పొచ్చు. మీ కాలానికి నేల మీద మొక్కలే లేవు, ఆ సాధనం మీకు లేదు. అది తలుచుకుంటే మీ పని మీద గౌరవం పెరుగుతుంది.

నా అనుభవం చిన్నదే. ఒక బోరులో బొగ్గు పొరలు తలకిందులుగా వచ్చాయి. పైన ఉండాల్సిన సీమ్ కింద, కిందిది పైన. మోడల్ కట్టే కుర్రాడు రివర్స్ ఫాల్ట్ (ఒకవైపు రాళ్లు రెండోవైపు మీదికి ఎక్కిన చీలిక) పెట్టి, రెండు వారాలు కూర్చుని అందంగా సర్దాడు. నాకు నమ్మకం కుదరక కోర్ (బోరులోంచి తీసిన రాతి కడ్డీలు) దాచే షెడ్‌కి వెళ్లి ఆ పెట్టెలు తెరిపించాను. ఇసుకరాయి ముక్కలో అడ్డంగా వాలిన సన్నటి గీతలుంటాయి చూడండి, క్రాస్ బెడ్డింగ్. వాటి కొసలు పైవైపు కోసేసినట్టు, కిందివైపు మెల్లగా వంగి ఉండాలి. ఇక్కడ వరసగా మూడు పెట్టెల్లో అన్నీ తిరగబడి ఉన్నాయి. డ్రిల్లింగ్ చేసినవాళ్లు కోర్‌ని పెట్టెల్లో కింది కొసనుంచి పేర్చి, బాణం గుర్తు మాత్రం మామూలుగా వేశారు. రాయి తన తల ఎటో తానే చెప్పింది. తడిగుడ్డతో తుడిచి చూసిన ఆ ముక్క ఇప్పటికీ గుర్తుంది, బూడిద రంగు మీద జుట్టంత నల్లటి గీతలు.

చిత్రావతి ఒడ్డు:
అందరికీ చాలా చాలా థాంక్స్. పన్నెండు రోజులు ఫీల్డ్‌కి వెళ్లి నిన్న రాత్రే వచ్చాను. ఏం జరిగిందో వివరంగా రాస్తాను, నాలాంటివాళ్లకి పనికొస్తుంది.

ముందు పాత నోట్‌బుక్ తీసి, మందం ఎక్కువొచ్చిన ట్రావర్సులో వాలు కొలిచిన తొమ్మిది చోట్లకీ మళ్లీ వెళ్లాను. ఐదుచోట్ల నేను క్లినోమీటర్ పెట్టిన బండ స్ట్రోమటోలైట్ పొర! గుబ్బ పక్కవాలునే పొర వాలు అనుకున్నాను. గుబ్బలు ఒక్కోటి బోర్లించిన మూకుడంత ఉన్నాయి, అటువైపు కొలిస్తే 8 డిగ్రీలు, ఇటువైపు 17. తొలి ఏడాది చెయ్యి తిరగని రోజుల్లో ఈశాన్యానికి దిగే పక్కనే కొలుచుకుంటూ పోయాను. ఆ గుబ్బల మధ్యలో చదునుగా పరుచుకున్న సన్నటి పొరల మీద కొలిస్తే 11. పెన్నా సుత్తి గారు చెప్పినట్టు మూడు పాయింట్లతో తీస్తే కూడా 11కి దగ్గరగానే వచ్చింది. తేడాలో చాలావరకు అక్కడే పోయింది.

తర్వాత రైతుబిడ్డ చెప్పిన గుంతలు. లోపలికి దిగలేదు తమ్ముడూ, గట్టు మీదనుంచే జీపీఎస్ పాయింట్లు తీసుకున్నాను. మాస్క్ పెట్టుకున్నాను. ఆ వరస నా ట్రావర్సుని సరిగ్గా ఒకచోట కోసింది. పోయిన ఏడాది అక్కడ 'ముదురు రంగు డోలమైట్, వాతావరణానికి మెత్తబడింది' అని రాసుకున్నాను. ఈసారి పైపెచ్చు కొట్టి తాజా ముఖం చూశాను. యాసిడ్ చుక్క వేస్తే పొంగలేదు. పొడి చేసి వేసినా పొంగలేదు, డోలమైట్ అయితే పొడి పొంగేది. లెన్స్‌లో తెల్లటి పుల్లల్లాంటి ఫెల్డ్‌స్పార్ ఖనిజం మెరిసింది. సిల్. సుమారు 60 మీటర్లు.

రెండూ సరిచేశాక ట్రావర్సుల మధ్య 40 మీటర్ల తేడా మిగిలింది. అది నిజంగా అక్కడ బురద కొంచెం ఎక్కువ పేరుకోవడం వల్లే కావచ్చు, అలాగే వదిలేశాను. ఫాల్ట్ లేదు. డోలమైట్‌కి నార్త్ సీ అంకెలు తీసేసి రెండు హద్దుల మధ్య లెక్క నడుపుతున్నాను అబర్డీన్ అన్నా.

1987 నాటి పట్టికలో తాడిపత్రి ఫార్మేషన్ మందం 4,600 మీటర్లని ఉంది. అందులో సిల్స్ ఎన్ని కలిశాయో అని ఇప్పుడు అనుమానం పట్టుకుంది. జనవరిలో ఆ వైపు మొదలుపెడతాను. అంతకుముందు గుల్చేరు అడుగున గ్రానైట్ కలిసేచోటు చూడాలి. గువ్వలచెరువు ఘాట్‌లో మంచి సెక్షన్ ఎక్కడుందో ఎవరైనా చెప్తారా?

పెన్నా సుత్తి:
ఘాట్ రోడ్డు మలుపుల్లో లారీలు ఆగవమ్మా, రోడ్డంచున నిలబడి నోట్స్ రాయొద్దు. రోడ్డు వదిలేసి కొండ పాదం వెంట నడువు. గులకరాళ్ల పొర తగిలేదాకా ఎక్కు, దాని కింద గ్రానైట్ మెత్తబడి ఉందేమో గోటితో గీరి చూడు. అప్పటి నా నోట్‌బుక్ అటక మీద ఉంది. దించి, ఆ పేజీల ఫొటోలు రేపు పెడతాను.